ఆన్‌లైన్ గేముల ర్యాంక్‌డ్ మ్యాచుల్లో బూతులు: మ్యూట్ కొట్టి ఊరుకోవాలా, మైక్‌లోనే అడిగేయాలా?

కొర్లగుంట_సేజ్: రాత్రి వాలరెంట్ (ఐదుగురి టీమ్ షూటింగ్ గేమ్) ఆడుతూ మైక్‌లో "బీ సైట్‌లో ఇద్దరున్నారు" అన్నానో లేదో, మా టీమ్‌వాడే "అరే, అమ్మాయిరా" అని మొదలెట్టాడు. ఇక ఆటంతా వాడి వాగుడే. మ్యూట్ చేశా. స్పైక్ (బాంబు) ఏ సైట్‌కి పోతోందో వాడు చెప్పింది వినపడక రౌండ్ పోయింది, మాట నాకే పడింది. అందరూ మ్యూట్ కొట్టమంటారు. నష్టం ఎవరికి?

అలిపిరి_ఏస్: జవాబివ్వడం దండగ సామీ. మీరు ఉడుక్కోవడమే వాడికి కావాలి. ఎస్కేప్ మెనూలో ఒక్కొక్కరి వాయిస్, చాట్ విడివిడిగా ఆపొచ్చు. వాయిస్ ఆపి పింగ్‌లు (మ్యాప్‌లో పెట్టే గుర్తులు) చూసుకోండి.

చిత్తూరు_లర్కర్: మాది ఇంకో ఖర్మ. తమిళం టీమ్ పడితే మనకు అర్థం కాదనుకుని తిడతారు. చిత్తూరోళ్ళకు తమిళం రాకపోవడమేంటి! "అన్నా, అంతా అర్థమవుతోంది" అని తమిళంలోనే అన్నా. గప్‌చుప్. నా ఓటు అడిగేయడానికే.

కొర్లగుంట_సేజ్: మీరు అడిగితే ఆగారు. నేను నోరు తెరిస్తే ఇంకా రెచ్చిపోతారు. అందరికీ ఒకే మందు పనిచేయదు.

హాస్టల్_ల్యాగ్: తిట్లు టైప్ చేస్తూ నిలబడి నేను తిన్న హెడ్‌షాట్‌లకు లెక్కే లేదు 😂

పాత_లీగోడు: లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో 2021 అక్టోబరులో దాని కంపెనీ రయట్ ఎదుటి జట్టుతో మాట్లాడే ఆల్ చాట్ ఆపేసింది. సొంత టీమ్ చాట్ మాత్రం ఉంచింది. అక్కడా తిట్లుంటాయని ఒప్పుకుంటూనే, కలిసి ఆడాలంటే అది కావాలంది. సేజ్ చెప్పేదీ అదే కదా: సొంత టీమ్‌ను మ్యూట్ చేస్తే ఆటే సగం పోతుంది. పింగ్‌లు చాలన్న ఏస్‌కి ఒక మాట: లీగ్‌లో ప్రశ్నార్థకం పింగ్ కొట్టి కొట్టి ఏడిపించేవాళ్ళను చూడలేదా?

కంపెనీలే వినాలంటాను నేను. కాల్ ఆఫ్ డ్యూటీ 2023లో టాక్స్‌మాడ్ అనే ఏఐ టూల్ తెచ్చింది. అది వాయిస్ చాట్ విని తిట్లను ఫ్లాగ్ చేస్తుంది, శిక్ష సంగతి కంపెనీ చూసుకుంటుంది. కానీ మొదలుపెట్టింది ఇంగ్లీషుతో, అదీ ఆసియాను వదిలేసి! మన తిట్లు పట్టే నాథుడు లేడు. అందుకే రిపోర్ట్ మానొద్దు, ఏమన్నాడో బాక్సులో రాయండి.

అలిపిరి_ఏస్: రిపోర్ట్ సరే. అప్పటిదాకా మ్యూటే.

కొర్లగుంట_సేజ్: రాసి పెట్టా. ఈ రాత్రి ముక్కూమొహం తెలియని ర్యాండమ్స్ లేకుండా ఐదుగురం ఆడదామా? ఇద్దరు తక్కువ.

హాస్టల్_ల్యాగ్: నేనొస్తా. వైఫై పోతే మాత్రం తిట్టొద్దు.