ప్రవచనం నెరవేరలేదని అడిగితే అభిషిక్తుణ్ణి ముట్టినట్టేనా?

రాజమండ్రి_చిన్నోడు

అందరికీ వందనాలు. విషయం సూటిగా చెప్తాను, తెలిసినవాళ్లు వాక్యప్రకారం జవాబివ్వండి. పోయిన ఏడాది మా సంఘంలో మూడు రాత్రులు ఉజ్జీవ కూటాలు పెట్టి, వేరే జిల్లా నుంచి ఒక ప్రవక్త గారిని పిలిచారు. పేరు ఇక్కడ వద్దు. రెండో రాత్రి ఆయన మా అక్కని జనంలోంచి లేపి, "అమ్మా, రోగులకి సేవ చేసే చేతులు నీవి, నీకు విదేశీ ద్వారం తెరుచుకుంటోంది, ఈ డిసెంబరు దాటదు, విత్తనం వెయ్యి" అన్నారు, అంటే కానుక ఇవ్వమని. అక్క నర్సు. జర్మనీ వెళ్దామని భాష పరీక్షకి చదువుతోంది. అమ్మ అక్కడే ఏడ్చేసింది. మర్నాడు గాజులు తాకట్టు పెట్టి, స్క్రీన్ మీద వేసిన క్యూఆర్ కోడ్‌కి 50 వేలు పంపించింది. ఆ డిసెంబరు పోయింది. వీసా రాలేదు, గాజుల మీద వడ్డీ మాత్రం నెలనెలా కడుతున్నాం.

మొన్న ఉపవాస ప్రార్థన అయ్యాక లేచి, "అయ్యగారూ, అక్కకి చెప్పిన ప్రవచనం ఏమైందండీ" అని అడిగా. అంతే, నేనేదో దేవదూషణ చేసినట్టు చూశారు అందరూ. ఒక పెద్దాయన కీర్తన 105:15 తీసి, "నేనభిషేకించినవారిని ముట్టకూడదు" అని చదివి, దైవజనుల్ని ప్రశ్నించకూడదని కూర్చోబెట్టేశారు. నెలాఖరుకి మళ్లీ ఆ ప్రవక్త గారినే పిలుస్తున్నారు, ఫ్లెక్సీలు కూడా కట్టేశారు. అడగడం పాపమా?

సహోదరి_కృప

తమ్ముడూ, నీ బాధ అర్థమైంది కానీ దైవజనుల విషయంలో నోరు జాగ్రత్త. మిర్యాము మోషే మీద మాట్లాడితే కుష్ఠు వచ్చింది, సంఖ్యాకాండం 12 చదువు. ఇంకోటి, ప్రవచనం అన్నది క్యాలెండర్ కాదు. యోనా నలభై రోజుల్లో నీనెవె నాశనమవుతుందన్నాడు, అయిందా? కాలేదు. యోనాని అబద్ధ ప్రవక్త అంటావా? మీ ఇంట్లో ప్రార్థన ఎలా ఉంది, విశ్వాసం ఎలా ఉంది, ముందు అది చూసుకోండి. ఆలస్యమైతే దేవుడు మర్చిపోయాడని కాదు.

వాక్యం_చాలు

ప్రవచన వరం అపొస్తలులతోనే ఆగిపోయింది. లేనిదాని గురించి ఇంత చర్చ దేనికి? బైబిల్ తెరవండి, చదవండి, అయిపోయింది. మేము ఇలాంటి కూటాలకి వెళ్లం, కాబట్టి మోసపోం.

బెరయ_వాసి

కృప సిస్టర్, ఆ 105వ కీర్తన పన్నెండో వచనం నుంచి చదవండి. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు లెక్కకు కొద్దిమందిగా దేశం కాని దేశంలో తిరుగుతుంటే, రాజులు వాళ్లకి కీడు చేయకుండా దేవుడు ఆపిన సందర్భం అది. అబీమెలెకు రాజు అబ్రాహాము భార్య శారాను పిలిపించుకోవడం లాంటి కీడు. వడ్డీ కడుతున్న ఇంటి కుర్రాడు ప్రశ్న అడగడం దాని కిందకి ఎలా వస్తుంది?

పోనీ అభిషిక్తుడి మీద చెయ్యి వేయనన్న దావీదునే చూద్దాం. తనను చంపాలని తిరుగుతున్న అభిషిక్త రాజు సౌలు ఏన్గెదీ గుహలో దావీదు చేతికే చిక్కాడు, దావీదు చంపలేదు, వస్త్రపు చెంగు మాత్రం కోశాడు. ఆ కోసినందుకే మనసు నొచ్చుకున్నాడు. తర్వాత? బయటికొచ్చి సైన్యమంతా వింటుండగా సౌలును నిలదీశాడు, మన ఇద్దరి మధ్య యెహోవా న్యాయం తీరుస్తాడన్నాడు. చెయ్యి వేయలేదు, కానీ నోరు మూసుకోలేదు. అంతియొకయలో పౌలు పేతురును అందరి ముందూ ఎదిరించాడు, గలతీ 2. పేతురు కంటే అభిషిక్తుడా మీ ప్రవక్త?

ఇక యోనా. ఆయన చెప్పింది శిక్ష గురించి. ఊరు ఊరంతా గోనెపట్ట కట్టుకుంది, రాజుతో సహా. దేవుడు మనసు మార్చుకున్నాడని అక్కడే రాసి ఉంది, దాని వెనక సూత్రం, జనం చెడు మానితే చెప్పిన శిక్ష దేవుడు ఆపుతాడని, యిర్మీయా 18లో ఉంది. అంటే ఎందుకు నెరవేరలేదో బైబిలే చెప్తోంది. ఈ అక్క విషయంలో ఎందుకు నెరవేరలేదో ఎవరు చెప్పారు? పైగా యోనా నీనెవె వాళ్లని విత్తనం అడగలేదు. ప్రవచనం తప్పితే విశ్వాసి విశ్వాసం తక్కువ, నెరవేరితే ప్రవక్త గొప్ప. రెండు వైపులా ఆయనే గెలుస్తుంటే ఇంక పరీక్ష ఎక్కడుంది సిస్టర్? ద్వితీయోపదేశకాండం 18:22 మాట నెరవేరిందా లేదా అనేది చెప్పినవాడి మీద పెట్టింది, విన్నవాడి మీద కాదు.

సౌండ్_సిస్టమ్_ఏలూరు

నేను కూటాలకి మైకులు, బాక్సులు పెట్టేవాణ్ణి, పద్నాలుగేళ్ల వయసు నుంచి ఇదే పని. వాక్యం మీలాగా తెలియదు, కానీ స్టేజీ వెనకాల చూసింది చెప్తా. పెద్ద కూటాల్లో గేటు దగ్గర బల్ల వేసి నోట్‌బుక్ పెడతారు. పేరు, ఊరు, ఏం పని చేస్తారు, ప్రార్థన అంశం, ఫోన్ నంబరు. జనం క్యూలో నిలబడి రాస్తారు, రాయడం రాని వాళ్లకి వాలంటీర్ రాసిపెడతాడు. చాలా చోట్ల అది నిజంగా ప్రార్థన కోసమే, మా అయ్యగారైతే ఆ పేర్లన్నీ వారమంతా ప్రార్థనలో చదువుతారు. కానీ కొన్ని చోట్ల పాటలు నడుస్తుండగానే ఆ నోట్‌బుక్ వెనక గదిలోకి వెళ్లడం నేను చూశా. తర్వాత స్టేజీ మీద "ఇక్కడ ఒక నర్సు ఉంది" అంటే జనం అల్లేలూయా అంటారు. చిన్నోడూ, మీ అక్క ఆ రాత్రి నోట్‌బుక్‌లో ఏమైనా రాసిందా? కనుక్కో.

అమెరికాలో పీటర్ పాపాఫ్ అని ఒకాయన ఉండేవాడు. వచ్చినవాళ్ల పేర్లు, వీధి అడ్రసులు, జబ్బులు స్టేజీ మీద గడగడా చెప్పేవాడు. 1986లో ఇలాంటి మోసాలు బయటపెట్టే ఇంద్రజాలికుడు జేమ్స్ ర్యాండీ మనుషులు రేడియో స్కానర్ తీసుకెళ్లి కూర్చుంటే, ఆయన భార్య ప్రార్థన కార్డులు చూసి చెప్తున్న మాటలు 39.17 మెగాహెర్ట్జ్ మీద దొరికాయి. ఆయన చెవిలో చిన్న రిసీవర్. అది టీవీలో వేశారు, మరుసటి ఏడాది ఆయన దివాలా తీశాడు. మా ఫీల్డువాళ్లకి ఆ కథ బాగా నచ్చుతుంది. ఇప్పుడైతే అంత కష్టం కూడా అక్కర్లేదు, ఫేస్‌బుక్ చాలు.

సహోదరి_కృప

ర్యాండీ నాస్తికుడు. దేవుణ్ణి నమ్మనివాడి సాక్ష్యం తెచ్చి సంఘానికి పాఠం చెప్తారా? ఎవడో దొంగ ఉన్నాడని అందరూ దొంగలు కారు. మా బాబు మూడేళ్లొచ్చినా మాట్లాడలేదు. ఒక కూటంలో దైవజనులు నా దగ్గరికొచ్చి, నేను ఏ నోట్‌బుక్కులోనూ రాయలేదు, ఎవరికీ చెప్పలేదు, "నీ బిడ్డ నోరు తెరుస్తాడు" అన్నారు. రెండు నెలల్లో అమ్మా అన్నాడు. అది నేను మర్చిపోలేను. మీరెన్ని వాక్యాలు చెప్పినా.

సండేస్కూల్_మాస్టారు

కృపమ్మా, మీ బాబు మాట్లాడినందుకు దేవునికి స్తోత్రం. దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. కానీ ఒక సంగతి. నెరవేరకపోతే అబద్ధం అని ద్వితీ. 18 చెప్తుంది, సరే. నెరవేరితే మాత్రం నిజమైనట్టేనా? అదే పుస్తకం 13వ అధ్యాయం మొదట్లోనే, చెప్పిన సూచక క్రియ జరిగినా సరే, ఆ మనిషి వేరే దేవుళ్ల వైపు తిప్పితే వినొద్దంది. ఫిలిప్పీలో సోదె చెప్పే ఆ చిన్నది పౌలు గురించి చెప్పిందంతా నిజమే, వీళ్లు సర్వోన్నతుడైన దేవుని దాసులంది. అయినా పౌలు ఆమెలోని దయ్యాన్ని వెళ్లగొట్టాడు. ఆ అమ్మాయి సోదె మీద యజమానులు డబ్బు చేసుకుంటున్నారని అపొస్తలుల కార్యములు 16లో లూకా ప్రత్యేకంగా రాశాడు చూడండి, దయ్యం పోయిందని కాదు, ఆదాయం పోయిందని వాళ్లకి కోపం.

కాబట్టి మాట నిజమైందా అన్నదొక్కటే గీటురాయి కాదు. ఆ మాట మనల్ని ఎటు తీసుకెళ్తోంది? క్రీస్తు వైపా, ఆ మనిషి వైపా? ఇంటికొచ్చాక బైబిల్ చదవాలనిపిస్తోందా, లేక ఆయన తర్వాతి కూటం ఎక్కడో కనుక్కోవాలనిపిస్తోందా? నా దృష్టిలో పెద్ద ప్రమాదం అక్కడుంది. పూర్తి అబద్ధం కంటే ఇదే మనల్ని మెల్లగా లాగేస్తుంది.

డబ్బు సంగతి ఇవాళ్టిది కాదు. తొలి తరాల క్రైస్తవులకే ఈ తలనొప్పి ఉంది. దిదఖే అని చాలా పాత బోధ పుస్తకం, 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దాని చేతిరాత ప్రతి బయటపడింది. ఊళ్లోకి వచ్చిన ప్రవక్త ఆత్మలో ఉన్నానంటూ "నాకు డబ్బివ్వండి" అంటే వినొద్దు, పేదవాళ్ల కోసం అడిగితే మాత్రం తప్పు పట్టొద్దు అని అందులో ఉంది. కృపమ్మకి నచ్చే మాట కూడా అందులోనే ఉంది, ఆత్మలో మాట్లాడుతున్నవాణ్ణి అప్పుడు పరీక్షకి పెట్టొద్దంటుంది. కానీ వెంటనే, అలా మాట్లాడే ప్రతివాడూ ప్రవక్త కాడు, ప్రభువు నడవడి ఉంటేనే అంటుంది. ఎలీషా నయమాను దగ్గర ఒక్క కాసు ముట్టలేదు, వెనకాలే పరిగెత్తి తీసుకున్న ఆయన పనివాడు గేహజీకి కుష్ఠు ఎలా పట్టిందో మా సండేస్కూల్లో ఆరేళ్ల పిల్లలు చెప్తారు.

చిన్నోడికి కూడా ఒక మాట. తప్పులు పట్టడమే సేవగా పెట్టుకున్న ఛానళ్లు ఉన్నాయి, రోజుకో బోధకుణ్ణి ఉతికి ఆరేస్తారు, వ్యూస్ వస్తాయి. అదీ ఒక రకం మోసమే. ప్రవచించుటను నిర్లక్ష్యము చేయకుడి అన్న వెంటనే సమస్తమును పరీక్షించుడి అన్నాడు పౌలు, ఒకటి వదిలేసి ఇంకోటి పట్టుకోకూడదు.

ఇర్వింగ్_ఆంధ్రా

వాక్యం_చాలు బ్రదర్‌కి. మేము కూటాలకి వెళ్లం కాబట్టి మోసపోం అన్నారు, ఆ ధీమా చూస్తే భయమేస్తోంది. ఇక్కడ అమెరికాలో హెరాల్డ్ క్యాంపింగ్ అని రేడియో బోధకుడు ఉండేవాడు, సివిల్ ఇంజనీరు. ప్రవచనాలు, భాషలు, స్వస్థతలు ఇవేవీ ఆయన ఒప్పుకోడు, కేవలం బైబిల్. ఆ బైబిల్లో అంకెలు తీసి కూడి గుణించి 2011 మే 21న తీర్పు దినం అన్నాడు. రోడ్ల పక్కన బిల్‌బోర్డులు పెట్టారు. ఉద్యోగాలు మానేసినవాళ్లు, దాచుకున్నదంతా ప్రచారానికి పెట్టేసినవాళ్లు ఉన్నారు. ఆ రోజు ఏమీ జరక్కపోతే తీర్పు ఆత్మీయంగా జరిగిపోయింది, లోకాంతం అక్టోబరు 21 అన్నాడు. అదీ పోయింది. మోసం రావడానికి స్టేజీ, నూనె, మైకు అక్కర్లేదు, పెన్సిలు, కాగితం చాలు. అయితే ఒకటి, 2012 మార్చిలో ఆయన నాది తప్పు, తేదీ పెట్టడం పాపం అని ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు. చిన్నోడి ప్రవక్త నోట అంత మాట వస్తే ఈ గొడవ ఇక్కడితో ఆగిపోయేది.

వాక్యం_చాలు

క్యాంపింగ్ వాక్యాన్ని వక్రీకరించాడు. మేము అలా చేయం.

ఇర్వింగ్_ఆంధ్రా

ఆయనా అదే అన్నాడు బ్రదర్.

ఐసీయూ_సిస్టర్

నర్సుల ప్రస్తావన వచ్చింది కాబట్టి రాస్తున్నా. వీసా రాకపోతే ప్రాణం పోదు. "స్వస్థత పొందావు, ఇన్సులిన్ ఆపెయ్" అన్న మాట విని వచ్చే కేసులు మాకు వేరే లెక్క. టైప్ 1 షుగర్ ఉన్న పిల్లలకి ఇన్సులిన్ ఆపితే ఒకట్రెండు రోజుల్లోనే రక్తం ఆమ్లంగా మారిపోతుంది, వాంతులు, ఊపిరి బరువుగా లాగడం, స్పృహ తప్పడం. ఇంట్లోవాళ్లు విశ్వాసానికి వచ్చిన శోధన, పరీక్ష అనుకుంటూ ఇంకా ఉపవాసం ఉంచుతారు. నేనూ ప్రార్థనతోనే డ్యూటీకి వెళ్తాను, స్వస్థత నమ్ముతాను. కానీ యేసయ్య కుష్ఠరోగిని బాగుచేసి కూడా వెళ్లి యాజకునికి కనబడమన్నాడు, ఆ రోజుల్లో బాగైందని ధృవీకరించేవాడు యాజకుడే. నిజంగా బాగైతే రిపోర్టు చూపించడానికి భయమెందుకు? మందులు ఆపమనేది ఎవరైనా సరే, ఎంత గొప్పవాళ్లైనా సరే, నేను అక్కడే లేచి నిలబడతాను. మిర్యాము కథ అప్పుడు చెప్పుకుందాం.

సహోదరి_కృప

మందులు ఆపమనడం తప్పే, అది నేనెప్పుడూ సమర్థించలేదు.

బెరయ_వాసి

చిన్నోడూ, మళ్లీ సభలో లేవకు. 1 తిమోతి 5:19 ప్రకారం సంఘ పెద్ద మీద ఫిర్యాదుకి ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలి. అమ్మని, అక్కని, ఆ రాత్రి విన్న ఇంకొకర్ని తీసుకుని మీ అయ్యగారి ఇంటికే వెళ్లు. పిలిచింది ఆయన కాబట్టి బాధ్యత ఆయనది కూడా. ప్రవక్తలు మాట్లాడితే తక్కినవారు వివేచించాలని 1 కొరింథీ 14:29లో ఉంది, మీ సంఘంలో ఆ తక్కినవారు ఎవరు, ఎప్పుడు కూర్చుని వివేచించారు అని మెత్తగానే అడుగు. ట్రాన్స్‌ఫర్ చేసిన స్క్రీన్‌షాట్ పట్టుకెళ్లు. అకౌంట్ ట్రస్టు పేరు మీద ఉందో, సొంత పేరు మీద ఉందో చూడు.

రాజమండ్రి_చిన్నోడు

అందరికీ థ్యాంక్స్. ఇవాళ సాయంత్రం అమ్మ, అక్క, మా బాబాయి, నేను వెళ్లాం. అక్క నోట్‌బుక్‌లో రాసిందట, "నర్సు, విదేశీ ఉద్యోగం" అని. అయ్యగారు అది విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత మా ముందే ఫోన్ స్పీకర్‌లో పెట్టి ప్రవక్త గారికి చేశారు. ఆయన ఎత్తలేదు, వాళ్ల అసిస్టెంట్ మాట్లాడాడు. దేవుడు చెప్పింది లక్ష అట, మేము వేసింది సగమట, అందుకే ద్వారం సగంలో ఆగిందట. మిగతాది ఈ నెలాఖరు కూటంలో వేస్తే సరిపోతుందన్నాడు. అక్క లేచి బయటికెళ్లిపోయింది. అకౌంట్ సొంత పేరు మీదే ఉంది. కూటాల గురించి రేపు పెద్దల మీటింగ్‌లో పెడతానన్నారు అయ్యగారు, ఆపుతానని మాత్రం అనలేదు.

సౌండ్_సిస్టమ్_ఏలూరు

కాల్ రికార్డు చేశారా?

సహోదరి_కృప

తమ్ముడూ, లక్ష అన్న మాట ఆ రాత్రి స్టేజీ మీద అన్నారా? కూటం మొత్తం యూట్యూబ్‌లో లైవ్ వేసుంటారుగా, లింకు పెట్టు. మొదటి నుంచి చివరిదాకా విన్నాకే మాట్లాడతాను.