థైరాయిడ్ మాత్ర వేసుకునే అమ్మకి అశ్వగంధ ఇవ్వొచ్చా?

గుణుపురం అబ్బాయి:
అమ్మకి అరవై రెండేళ్లు. థైరాయిడ్ తక్కువగా ఉందని రోజూ పొద్దున్నే మాత్ర వేసుకుంటుంది. కొన్ని నెలలుగా రాత్రిళ్లు నిద్ర లేదు. పక్కింటావిడ పాలలో అశ్వగంధ చూర్ణం కలిపి తాగమంటోంది, డాక్టరు గారు వద్దంటున్నారు. ఒక వేరు ముక్కకి ఇంత భయపడాలా?

పర్లాకిమిడి పెద్దాయన:
భయం దేనికి బాబూ? అది మన పెన్నేరుగడ్డే. చరకుడు బలాన్నిచ్చే పది మూలికల్లో దాన్ని చేర్చాడు. మా నాన్నగారు వైద్యం చేసేవారు. జ్వరం తగ్గి నీరసించినవాళ్లకి ఈ వేరు పాలలో మరిగించి, వడకట్టి ఇచ్చేవారు. వాపులుంటే ఆకు వెచ్చచేసి కట్టేవారు. పచ్చి వేరుకి గుర్రం వాసన వస్తుంది, ఆ పేరు అందుకే. శాస్త్రీయ నామంలోని 'సోమ్నిఫెరా' అన్న మాటకి కూడా నిద్ర తెచ్చేదనే అర్థం. తరతరాలుగా వాడినదాన్ని ఒక్క మాటతో వద్దనేస్తే నాకు బాధగా ఉంటుంది.

బరంపురం అక్క (మందుల షాపు):
బాబాయ్ గారూ, మీ నాన్నగారు మనిషిని చూసి, కొన్నాళ్లకే ఇచ్చుంటారు. ఇక్కడ అమ్మ రోజూ థైరాయిడ్ హార్మోన్ మాత్ర వేసుకుంటోంది. అశ్వగంధ కొందరిలో అదే హార్మోన్‌ని పెంచుతుంది. రెండూ కలిస్తే గుండెదడ, చేతుల వణుకు రావచ్చు, ఉన్న కాస్త నిద్రా పోవచ్చు. వేరు సారంతో టెన్షన్ తగ్గి నిద్ర మెరుగైందని చిన్న చిన్న పరీక్షల్లో తేలింది, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ అవి చాలావరకు రెండు మూడు నెలల పరీక్షలే. అరుదుగా కాలేయం దెబ్బతిన్నవాళ్లూ ఉన్నారు. గర్భిణులకైతే అసలు ఇవ్వకూడదు. ఆకులు వాడొద్దని 2021లో ఆయుష్ శాఖే తయారీదారులకి చెప్పింది.

పర్లాకిమిడి పెద్దాయన:
నేను చెప్పేది వేరు గురించి తల్లీ, క్యాప్సూళ్ల గురించి కాదు. చూర్ణం మూడు గ్రాములు, అంతే.

బరంపురం అక్క:
మూడు గ్రాములైనా ఆ మాత్రకి తోడుగానే కదా బాబాయ్! తమ్ముడూ, థైరాయిడ్ ఎలా ఉందో చూసే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష ఎప్పుడు చేయించారు? మాత్ర డోసు ఎక్కువైనా నిద్ర పట్టదు. ముందు అది చూడండి.

గుణుపురం అబ్బాయి:
ఏడాది దాటింది అక్కా. సోమవారం రాయగడ తీసుకెళ్లి చేయిస్తాను. చూర్ణం డబ్బా ఇంకా తెరవలేదు.

పర్లాకిమిడి పెద్దాయన:
రిపోర్టు వచ్చాక ఇక్కడ చెప్పు బాబూ. అందులో ఏ తేడా లేకపోతే నేను మళ్లీ పెన్నేరుగడ్డ మాటే ఎత్తుతాను. అదీ మీ డాక్టరు గారిని అడిగాకే.