బెడ్‌రూమ్ గాలికి ప్యూరిఫయర్ కొనాలా, కిటికీలు తీస్తే సరిపోతుందా?

ప్రశ్న (కొరిటెపాడు, గుంటూరు)
నమస్కారం అండి. మాది రెండో అంతస్తు ఫ్లాట్, బాల్కనీ రోడ్డు వైపు. పొద్దున తడిగుడ్డతో కిటికీ గట్టు తుడిస్తే సాయంత్రానికి మళ్లీ వేలికి నల్లగా అంటుతోంది. అందుకే ఎండలు ముదిరినప్పటి నుంచి అన్నీ మూసేసి, ఏసీ వేసుకుని నలుగురం ఒకే గదిలో పడుకుంటున్నాం. బాబుకి ఆరేళ్లు, తెల్లవారుజామున ఒకటే దగ్గు. మా అత్తగారు లేవగానే తల బరువుగా ఉందంటున్నారు. దోమలకి కాయిల్ పెడతాం. వంటింట్లో తిరగమోత వేస్తే ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతున్నా ఎండుమిర్చి ఘాటు బెడ్‌రూమ్ దాకా వచ్చేస్తుంది. మావారు ప్యూరిఫయర్ కొందామంటున్నారు. అంత డబ్బు పెట్టాక ఉపయోగం లేకపోతే ఎలా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1 (పటమట, విజయవాడ)
అక్కా, ముందు కాయిల్ ఆపేయండి, ఈ రాత్రి నుంచే. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల నుంచి వచ్చేదానితో సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది. మీరు దాన్ని మూసిన గదిలో, పిల్లాడి మంచం దగ్గర వెలిగిస్తున్నారు. దోమతెర కట్టండి, కిటికీలకి మెష్ కొట్టించండి.

ఇంకొకటి, స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు, గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ మన మీదికే వదులుతుంది. మనం ఊపిరితో వదిలే కార్బన్ డయాక్సైడ్ గదిలోనే పేరుకుంటుంది. బయట అది దాదాపు 420 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 420 పాళ్లు ఉంటుంది. మా గదిలో ముగ్గురం పడుకుంటే తెల్లారి అయిదింటికి దాన్ని కొలిచే మీటర్ 2,300 చూపించింది. మర్నాడు గది తలుపు నాలుగు వేళ్ల సందు వదిలి, హాల్లో వెనక కిటికీ కొంచెం తీసి పడుకుంటే 1,100 దగ్గరే ఆగింది. చల్లదనం కాస్త తగ్గింది గానీ మా అమ్మకి ఆ తలబరువు పోయింది.

బాబు దగ్గు మాత్రం గాలి వల్లేనని అనుకుని ఊరుకోవద్దు, రోజూ రాత్రి వస్తుంటే పిల్లల డాక్టర్‌కి చూపించండి.

జవాబు 2 (అరండల్‌పేట, గుంటూరు)
ఘాటు సంగతి నేను చెప్తానండి, మాకూ ఇదే గోల ఉండేది. న్యూస్‌పేపర్ చీలిక ఒకటి తీసుకుని ఫ్యాన్ తిరుగుతుండగా దాని ముందు పట్టుకోండి. కాగితం ఫ్యాన్ వైపు గట్టిగా లాగకపోతే రెక్కలకి నూనె జిడ్డు పట్టిందన్నమాట, లేదా ఇల్లంతా మూసి ఉండటంతో ఫ్యాన్‌కి లాగడానికి గాలి దొరకట్లేదు. మా ఇంట్లో అయితే ఫ్యాన్ పక్కనే ఉన్న వాష్ ఏరియా తలుపు తీసి ఉండేది, గాలి ఆ తలుపులోంచి వచ్చి నేరుగా ఫ్యాన్‌లోంచి పోయేది, పొయ్యి దగ్గర ఘాటు అక్కడే ఉండిపోయేది. ఆ తలుపు మూసి, దూరంగా హాలు కిటికీ తీశాక గాలి పొయ్యి మీదుగా వెళ్లడం మొదలైంది. బాణలి పెట్టకముందే ఫ్యాన్ వేయండి, వంటయ్యాక పావుగంట ఉంచండి.

జవాబు 3 (బెంజ్ సర్కిల్ దగ్గర, విజయవాడ)
రోడ్డు పక్కన ఇల్లు కాబట్టి మీకు ప్యూరిఫయర్ వృథా కాదు, కానీ అది ధూళినే పడుతుంది, కార్బన్ డయాక్సైడ్‌ని తీసేయలేదు, కాబట్టి తలుపు సందు అవసరం పోదు. కొనేటప్పుడు అసలైన హెపా ఫిల్టర్ ఉందా చూడండి, అది 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతం ఆపుతుంది. తర్వాత సీఏడీఆర్ అంకె, అంటే ఆ మిషన్ గంటకి ఎన్ని ఘనపు మీటర్ల గాలిని శుభ్రం చేస్తుందో చెప్పేది. 12 అడుగుల పొడవు, 10 వెడల్పు, 10 ఎత్తు ఉన్న గదిలో దాదాపు 34 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది, గంటకి అయిదుసార్లు శుభ్రం కావాలంటే సీఏడీఆర్ 170 అయినా ఉండాలి. సందు వదులుతారు కాబట్టి ఇంకాస్త ఎక్కువదే తీసుకోండి. అయానైజర్ బటన్ ఉంటే ఆపేయండి, కొన్ని ఓజోన్ వదులుతాయి, పిల్లల ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఫిల్టర్ మళ్లీ ఎంతకి దొరుకుతుందో ముందే అడగండి, మా బంధువులు ఫిల్టర్ మార్చకుండా రెండేళ్లు నడిపారు, తీసి చూస్తే బూడిద రంగు కంబళిలా ఉంది.

ప్రశ్న అడిగినవారు
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. కాగితం చీలిక పట్టి చూశాను, కదలనే లేదు, రెక్కల మీద జిడ్డు వేలు మందాన ఉంది. సర్ఫ్ నీళ్లతో కడిగి, వాష్ ఏరియా తలుపు మూసి ఇవాళ పప్పుకి తిరగమోత వేస్తే హాల్లో కూర్చున్న అత్తగారు తుమ్మలేదు. కాయిల్ బయట పడేశాను. రేపు మెష్ కొట్టే అతను వస్తున్నాడు, సాయంత్రం బాబుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాం. ప్యూరిఫయర్ ఆ తర్వాత చూస్తాం. వెనక కిటికీ కింద పక్కింటి వాళ్ల జెనరేటర్ ఉంది, కరెంటు పోయినప్పుడు మాత్రం దాన్ని మూసేయాలి కదా?

జవాబు 1 (పటమట, విజయవాడ)
తప్పకుండా మూసేయండి అక్కా, జెనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, ప్యూరిఫయర్ కూడా దాన్ని ఆపలేదు. వీలైతే దాని గొట్టం మీ కిటికీకి దూరంగా తిప్పమని వాళ్లని అడగండి.