వివేకానందుడు కాకుండా మిగతా శిష్యులంతా ఏం చేశారు?

గోదారి గట్టు:
రామకృష్ణ పరమహంసకి 16 మంది సన్యాసి శిష్యులని చదివాను. మనకి తెలిసిందల్లా వివేకానందుడే. మిగతా 15 మంది ఏం చేశారు? ఇంకో సందేహం. పరమహంస జీవితమంతా భక్తి, సాధన అన్నారు కదా, మరి ఆయన పేరుతో నడిచే ఈ ఆసుపత్రులు, కాలేజీలు ఎక్కడినుంచి వచ్చాయి? రామకృష్ణ మఠం, రామకృష్ణ మిషన్ ఒకటేనా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

శారదాపుత్ర:
మంచి ప్రశ్న అండి. ఈ సన్యాసుల సంఘానికి విత్తనం వేసింది పరమహంసే. 1886లో కలకత్తా దగ్గరి కాశీపూర్ తోటలో ఆయన జబ్బుతో ఉన్నప్పుడు, వృద్ధ గోపాల్ అనే శిష్యుడు సాధువులకి పంచుదామని 12 కాషాయ వస్త్రాలు, రుద్రాక్షమాలలు తెస్తే, ఈ కుర్రాళ్లకంటే మంచి సాధువులు నీకెక్కడ దొరుకుతారని 11 మంది శిష్యులకే ఇప్పించారు. పన్నెండోది గిరీశ్ ఘోష్ కోసం ఉంచారు, ఆయన గృహస్థు, నాటకాలవాడు!

ఆగస్టులో గురువు పోయాక ఈ పిల్లలకి తల దాచుకోవడానికి చోటు లేదు. సురేంద్రనాథ్ మిత్రా అనే గృహస్థ భక్తుడు డబ్బిస్తానంటే బరానగర్‌లో ఒక పాడుబడిన ఇల్లు నెలకి 11 రూపాయల అద్దెకి తీసుకున్నారు. 1887 మొదట్లో అక్కడే విరజా హోమం చేసి సన్యాసం తీసుకున్నారు.

నన్నడిగితే ఆ మఠాన్ని నిలబెట్టింది శశి మహరాజ్, అంటే రామకృష్ణానంద స్వామి. మిగతావాళ్లు ఒకరి తర్వాత ఒకరు తీర్థయాత్రలకి, హిమాలయాలకి వెళ్లిపోతుంటే ఆయన మాత్రం గురువు అస్థికల పూజ వదిలి కదల్లేదు, ధ్యానంలో కూర్చుండిపోయిన వాళ్లని లేపి, లాక్కొచ్చి అన్నం పెట్టేవాడు. రామకృష్ణానంద అన్న పేరు తనకే ఉండాలని నరేంద్రుడు, అంటే వివేకానందుడు, అనుకున్నాడట, శశి భక్తి చూసి అతనికే వదిలేశాడు. అలాంటి మనిషి 1897లో వివేకానందుడు చెప్పగానే పూజాపీఠం వదిలి మద్రాసు వచ్చేశాడు. అప్పుడు మన కోస్తా, రాయలసీమ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోవే కదా. దక్షిణాదిలో ఈ సంఘానికి పునాది ఆయనే, మనవాళ్లకి ఆయన పేరు తెలియకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఆర్కేబీచ్ వాసి:
రెండో సందేహానికి నేను చెప్తాను. మీరడిగిందే 1897లో ఆ 16 మందిలో ఒకరైన యోగానంద స్వామి వివేకానందుడి ముఖం మీదే అడిగారు, ఈ సభలు, సేవా పనులు పాశ్చాత్య పద్ధతి కాదా, గురువుగారు ఇలా చెప్పారా అని. వివేకానందుడి జవాబు, గురువు భావాలు మనం గీసుకున్న గిరిలో ఇమిడేవి కావని. శివజ్ఞానంతో జీవసేవ, అంటే ప్రతి జీవిలో శివుణ్ణి చూస్తూ సేవ చెయ్యాలన్న మాట ఆయన పరమహంస నోటనే విన్నారు మరి. అదే ఏడాది ఆ 16 మందిలోనే ఇంకొకరైన అఖండానంద స్వామి ముర్షిదాబాద్ జిల్లాలో కరువు చూసి ముందుకు కదల్లేక అక్కడే సహాయం మొదలుపెట్టారు, అనాథ పిల్లల్ని చేరదీశారు. ఎవరో ఆఫీసులో కూర్చుని వేసిన ప్లాన్ కాదది.

మఠం వేరు, మిషన్ వేరు. మిషన్ 1897 మే 1న కలకత్తాలో బలరాం బోస్ ఇంట్లో మొదలైంది, 1909లో రిజిస్టర్ అయింది, గృహస్థులూ సభ్యులు కావచ్చు. మఠం సన్యాసులది, దానికి 1901లో ట్రస్టు రాశారు. మఠం ట్రస్టీలే మిషన్‌ని కూడా నడుపుతారు, రెండింటికీ కలకత్తా దగ్గరి బేలూరే కేంద్రం. హైదరాబాద్ దోమలగూడలో ఉన్నది మఠం, మా విశాఖలో ఉన్నది మిషన్ ఆశ్రమం. ఆర్కే బీచ్ అన్న పేరు దానివల్లే వచ్చింది.

తులసికోట:
పరమహంస భార్య శారదమ్మ గురించి ఎవరూ చెప్పలేదేంటండీ? 1890లో బుద్ధగయలో అక్కడి సాధువుల మఠం, వాళ్ల వసతి చూసి, ఇల్లూ వాకిలీ లేక తిరుగుతున్న తన బిడ్డలకీ ఇంత నీడ, ఇంత అన్నం ఉండాలని ఏడుస్తూ ప్రార్థించింది. సంఘజనని అని ఊరికే అనరు. ఇంకా, చదువు రాని లాటూ మహరాజ్, బేలూరు మఠం కట్టడం దగ్గరుండి చూసుకున్న ఇంజినీరు విజ్ఞానానంద, ఇద్దరూ ఈ 16 మందిలోనే ఉన్నారు!

గోదారి గట్టు:
అందరికీ ధన్యవాదాలు. ముందు శశి మహరాజ్ జీవితం చదువుతాను. తెలుగులో దొరుకుతుందా?

శారదాపుత్ర:
దోమలగూడ మఠం పుస్తకాల షాపులో అడగండి, శిష్యుల జీవితాల గురించి తెలుగు పుస్తకాలు అక్కడ ఉంటాయి. రాజమండ్రిలోనూ మఠం ఉంది, మీకు అదే దగ్గరేమో.