స్కూల్ కమిటీ మీటింగ్‌కి వెళ్లే టైలర్ల ఇన్సెంటివ్ పోకుండా ఎలా?

మాది అనంతపురం దగ్గర చిన్న గార్మెంట్ యూనిట్, నేను హెచ్‌ఆర్ చూస్తాను. మా టైలర్లలో నలుగురు తల్లులు ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీ సభ్యులు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో కనీసం 75 శాతం తల్లిదండ్రులే ఉండాలి. మీటింగేమో పనిరోజు ఉదయం 11 గంటలకు, కబురు ముందురోజు రాత్రి వాట్సాప్‌లో.

జూన్ నుంచి రెండు గంటలు జీతంతో పర్మిషన్ ఇస్తున్నాం. అయినా టార్గెట్ తప్పి ఆ రోజు ఇన్సెంటివ్ పోతోంది. కాలర్ కుట్టే ఆవిడ మొన్న మెసేజ్ చూసి, ఫోన్ బ్యాగులో పెట్టేసి మళ్లీ మెషిన్ తొక్కుతూ కూర్చుంది. చూసి బాధేసింది. బడి మరుగుదొడ్ల గురించి అడగాల్సింది ఈ తల్లులే కదా! ఆదివారం పెట్టమని హెచ్‌ఎంగారిని అడిగాం, కుదరలేదు. బదులు మనిషిని కూర్చోబెడితే, ఒకరి తర్వాత ఒకరు కుట్టే లైన్ మొత్తం నెమ్మదించింది.

టార్గెట్ మీద నడిచే యూనిట్లలో ఉన్నవాళ్లు చెప్పండి, మీటింగ్‌కి వెళ్లిన రోజు ఇన్సెంటివ్ మీరు ఎలా లెక్క కడుతున్నారు?