ఒంటి మీద ఎర్రటి బుడిపెలు, లివర్ జబ్బేనా?

ప్రశ్న: నలభై దాటాక అమ్మకు వచ్చినట్టే నాకూ పొట్ట మీద, భుజాల మీద గుండుసూది తలంత ఎర్రటి బుడిపెలు వస్తున్నాయి. నొప్పి, దురద లేవు. లివర్ పాడైతేనే వస్తాయని ఎవరో అన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1: వింటుంటే చెర్రీ యాంజియోమాల్లాగే ఉన్నాయండీ. చర్మంలోని సన్నటి రక్తనాళాలు ఒకచోట గుంపుగా పెరిగితే వస్తాయి, క్యాన్సర్ కాదు. సాధారణంగా 30 దాటాక మొదలై వయసుతోపాటు పెరుగుతాయి. లివర్ జబ్బులో ఎక్కువగా కనిపించేవి వేరు: నడుమ ఎర్రచుక్క, చుట్టూ సాలీడు కాళ్లలా గీతలు. ఆ చుక్కను నొక్కితే తెల్లబడుతుంది, వదలగానే మధ్య నుంచి ఎరుపు మళ్లీ బయటికి పాకుతుంది. మీవాటికి కాళ్లున్నాయా, చూడండి.

ప్రశ్న అడిగినవారు: లేవండీ, గుండ్రంగా నున్నగా ఉన్నాయి. మరి ఎందుకొస్తాయి?

జవాబు 2: కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. వయసు, వంశపారంపర్యం ముఖ్యం. గర్భంతో ఉన్నప్పుడూ రావచ్చు. కొన్నిటిలో జీఎన్ఏక్యూ అనే జన్యువులో మార్పు కనిపించింది.

జవాబు 3: దయచేసి గిల్లకండి, దారం కట్టకండి, బాగా రక్తం కారుతుంది. వద్దనుకుంటే లేజర్‌తో తీస్తారు. కొన్ని వారాల్లోనే గబగబా పెరిగినా, నల్లబడినా, ఊరికే రక్తం కారినా మాత్రం వెంటనే స్కిన్ డాక్టర్‌కి చూపించండి.