రోడ్డు కోసమని వేలిముద్రలు తీసుకున్నారు, మైనింగ్‌కు వాడుకుంటారా?

నమస్కారమండీ. నేను విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నాను. మాది చింతపల్లి వైపు గిరిజన గ్రామం. ఎవరో విదేశీ కంపెనీ తవ్వకాల కోసమని సర్వేవాళ్లు వచ్చి, మా కొండ మీద బండలకు ఎర్ర పెయింట్ గుర్తులు వేసి వెళ్లారు. ఊట నీళ్లు దిగే చోటా ఒక గుర్తు ఉంది. తాగడానికైనా, కాఫీ నారుకైనా మాకు ఆ ఊటే దిక్కు. రోడ్డు వేయిస్తామని పెద్దవాళ్ల చేత వేలిముద్రలు వేయించుకున్నారు. దాన్నే గ్రామసభ తీర్మానంగా చూపిస్తారేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్.

షెడ్యూల్డ్ ప్రాంతంలో (రాజ్యాంగం ప్రకారం గుర్తించిన గిరిజన ప్రాంతంలో) ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒడిశా నియమగిరిలో 2013లో 12 గ్రామసభలూ బాక్సైట్ వద్దన్నాయి, తవ్వకం ఆగింది. అంటే గ్రామసభ మాటకు బలముంది. అందుకే ఆ వేలిముద్రల గురించే నా భయం.

సమాచార హక్కు కింద ఆ కాగితం కాపీ ఎవరిని అడగాలి: పంచాయతీనా, గనుల శాఖనా, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ)నా? వేలిముద్రలు చెల్లవని కలెక్టర్‌కు రాసిస్తే సరిపోతుందా? అటవీ హక్కుల పట్టా ఇంకా రాని పోడు భూమి సంగతేంటి? ఇలాంటి కేసులు చూసే లాయర్లను విశాఖలో ఎలా వెతకాలి? అర్జీ నమూనా ఉంటే తెలుగులోనే పెట్టండి, ఊళ్లో అందరికీ చదివి వినిపించాలి.